లినక్స్‌లో డ్రూపల్ ఇన్‌స్టాల్ చేసే ముందు

- డ్రూపల్ అంటే వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్, అది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది. ముందు వెర్షన్లు చూసుకోండి. డ్రూపల్ 11కి కనీసం పీహెచ్‌పీ 8.3 ఉండాలి, డ్రూపల్ 10కి 8.1 చాలు. టెర్మినల్‌లో కనిపించే పీహెచ్‌పీ, వెబ్ సర్వర్ వాడే పీహెచ్‌పీ ఒకటే కాకపోవచ్చు. రెండూ చెక్ చేయండి.

- అదే మెషిన్‌లో పాత సైటు ఉంటే ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసి వేరే చోట పెట్టండి.

- డేటాబేస్‌కి విడిగా యూజర్‌ని పెట్టండి. డ్రూపల్ ఫైళ్లని దించే కంపోజర్ అనే టూల్‌ని రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, నడపొద్దు.

- అసలు తంటా అంతా పర్మిషన్ల దగ్గరే. 'రాయడానికి వీల్లేదు' అని ఎర్రర్ రాగానే చాలామంది 777 (అందరికీ అన్ని హక్కులూ) కొట్టేస్తారు. తాళం పడట్లేదని తలుపు పీకేసినట్టే అది! వెబ్ సర్వర్ యూజర్‌కి డ్రూపల్ 'ఫైల్స్' ఫోల్డర్‌లో రాసే హక్కు ఇస్తే సరిపోతుంది. ఫెడోరా లాంటి లినక్స్‌లలో పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా మొండికేస్తే ఎస్ఈలినక్స్‌ని (లినక్స్‌లోని అదనపు భద్రతా వ్యవస్థ) అనుమానించండి. దాన్ని ఆపేయకండి, ఫోల్డర్‌కి అది పెట్టిన లేబుల్ మార్చండి. ఇన్‌స్టాల్ అయ్యాక సెట్టింగ్స్ ఫైలు చదవడానికి మాత్రమే ఉందో లేదో చూడండి.

- డాక్యుమెంట్ రూట్ (వెబ్ సర్వర్ సైటు ఫైళ్లు తీసుకునే చోటు) డ్రూపల్‌లోని 'వెబ్' ఫోల్డర్‌కే చూపాలి, దాని పై ఫోల్డర్‌కి కాదు.

- ఇన్‌స్టాలర్ పేజీ ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంటే సగంలో వదిలి లేవకండి. ఎవరైనా పూర్తిచేసి అడ్మిన్ అయిపోగలరు.