తొమ్మిదిలో స్పానిష్ తీసుకున్నారా? ధర్మాబాద్ అక్క చెప్పేది వినండి

మా చిన్నమ్మ కూతురు ఈ ఏడు తొమ్మిదికి వచ్చింది. స్కూల్లో స్పానిష్ పెట్టారని తీసుకుంది. మొన్న రాత్రి ఫోన్ చేసి "అక్కా, టెన్షన్‌గా ఉంది, ఇంట్లో ఎవరికీ రాదు కదా" అంది. నేను చదివినప్పుడు మాత్రం ఎవరికి వచ్చు? మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. రైలెక్కితే కాసేపట్లో బాసర. బాపుది మిర్చి వ్యాపారం. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బడిలో ఇంగ్లీషు. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఫారం మీద సంతకం పెట్టకముందే స్కూల్లో రెండు సంగతులు అడగండి. స్పానిష్ ఏ భాష స్థానంలో వస్తుంది? పది దాకా టీచర్ ఉంటారా? మహారాష్ట్రలో 2020 చట్టంతో పదో తరగతి దాకా మరాఠీ ఎలాగూ తప్పదు. కాబట్టి మీ టైంటేబుల్లో నిజంగా ఏది పోతుందో తెలుసుకోవాలి. సీబీఎస్‌ఈలో రాతపరీక్షకి 80 మార్కులు, స్కూలు చేతిలో 20. నేను తొమ్మిదిలో ఉండగా మా టీచర్ మధ్యలోనే మానేశారు. మూడు నెలలు పీడీఎఫ్‌లు పంపి సరిపెట్టారు. ఆ మూడు నెలల్లోనే నాకు అసలు కిటుకు దొరికింది: ఇంగ్లీషు పక్కన పెట్టి, తెలుగులోంచి నేర్చుకోవాలి.

మొదట నోరు. స్పానిష్‌లో అచ్చులు ఐదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడున్నా అలాగే పలుకుతాయి, ఇంగ్లీషులా వేషాలు మార్చవు. 'టి' అక్షరం కనిపిస్తే 'ట' అనకండి, మన 'త' అనండి: తొమాతె. 'హెచ్' ఉన్నా పలకదు, అందుకే హలో అనడానికి 'ఓలా'. 'వి', 'బి' రెండూ ఇంచుమించు 'బ' లాగే పలుకుతాయి.

కష్టమల్లా 'ర' తోనే. 'పెరొ' అని మెల్లగా అంటే 'కానీ'. నాలుక ఆడించి 'పెర్ర్రొ' అంటే కుక్క. నాకు నెలరోజులు రాలేదు. ఒకరోజు మిర్చి బస్తాలతో వచ్చిన బండాయన ఎడ్లని ఆపడానికి నాలుక అంగిటికి తగిలించి 'త్ర్ర్ర్' అన్నాడు. అదే! మా అమ్మమ్మ దిద్దించిన అక్షరాల్లో ఎక్కడా వాడని బండి ఱ ఒకటి ఉండేది. నాకది నిజంగా బండి దగ్గరే వచ్చింది. పొద్దున పళ్లు తోముకున్నాక పదిసార్లు అనండి, ఇంట్లోవాళ్లు తిట్టినా సరే.

వ్యాకరణంలో మనకి కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. మనం 'మాట్లాడతాను' అంటే అందులోనే 'నేను' ఉంది. అలాగే 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' మాట్లాడతావు, 'ఆబ్లామొస్' మాట్లాడతాం. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: 'తూ', 'ఉస్తెద్'. 'మీరు వస్తారు', 'వాళ్లు వస్తారు' రెంటికీ క్రియ ఒకటే కదా? ఉస్తెద్‌కి కూడా 'ఆయన' కి వాడే క్రియే వస్తుంది.

ఇంగ్లీషులో ఆలోచించి, 'యొ' అంటే 'నేను' కదా అని నేను 'యొ గుస్తొ' అని రాసి మార్కులు పోగొట్టుకున్నా. 'నాకు మామిడిపండు ఇష్టం' అని తెలుగులో అనుకుని ఉంటే నేరుగా 'మె గుస్తా ఎల్ మాంగొ' వచ్చేది. 'మె' అంటే 'నాకు'. పళ్లు ఎక్కువైతే 'గుస్తాన్', అది గుర్తుంచుకోండి. తలనొప్పి కూడా 'నాకు' తోనే: 'మె దువెలె లా కబేసా'.

అందరూ భయపడేది 'ఎస్', 'ఎస్తా' దగ్గర. ఇంగ్లీషులో రెండూ 'ఈజ్' అయిపోతాయి. తెలుగులో చూడండి. 'అక్క డాక్టరు', క్రియే లేదు, అక్కడ 'ఎస్'. 'అక్క ఇంట్లో ఉంది', 'అక్క కోపంగా ఉంది', అక్కడ 'ఎస్తా'. 'అన్న పొడుగ్గా ఉంటాడు', ఎప్పుడూ ఉండే గుణం, మళ్లీ 'ఎస్'. నూటికి నూరుపాళ్లు కుదరదు. 'పెళ్లి నాందేడ్‌లో' అంటే ఎస్, 'చనిపోయాడు' అంటే ఎస్తా. కానీ పరీక్షలో చాలావరకు గట్టెక్కిస్తుంది.

లింగం దగ్గర మాత్రం తెలుగు చేతులెత్తేస్తుంది. మన గోడకి ఆడా మగా లేవు. మరాఠీలో మగకి తో, ఆడకి తీ, రెండూ కానిదానికి తే అంటూ తడబడ్డ అలవాటు ఇక్కడ పనికొస్తుంది. అయితే రెండూ కలుస్తాయనుకోవద్దు: దర్వాజా మరాఠీలో 'తో', స్పానిష్‌లో 'లా పువెర్తా', ఆడది. మాట ఒక్కటే రాసుకోకుండా ముందు వచ్చే 'ఎల్' (మగ), 'లా' (ఆడ) తోనే నోట్‌బుక్కులో ఎక్కించండి. 'ఎల్ ప్రొబ్లేమా', 'లా మానొ' లాంటివి, చివర 'ఆ' ఉన్నా మగ, 'ఒ' ఉన్నా ఆడ అయ్యేవి, ఎర్రపెన్నుతో. మరాఠీ ఇంకో మేలు కూడా చేస్తుంది. చావి (తాళంచెవి), పావ్ (రొట్టె), బటాటా (ఆలుగడ్డ), పగార్ (జీతం) పోర్చుగీసు నుంచి వచ్చినవి, అది స్పానిష్‌కి చెల్లెలు. అందుకే యావె, పాన్, పతాతా, పగార్ మనకి సగం తెలిసినవే. 'పగార్' అంటే అక్కడ డబ్బు చెల్లించడం.

ఫోన్‌లో స్పానిష్ కీబోర్డు పెట్టుకోండి. 'ఎన్' మీద వంకర గీత ఉంటేనే 'అన్యొస్', ఏళ్లు. గీత మర్చిపోయి వయసు చెప్తే క్లాసంతా నవ్వుతుంది, ఎందుకో ఇక్కడ రాయను.

మాట్లాడే పరీక్షకి పుస్తకంలోని కుటుంబం వద్దు, మీ ఇంటి సంగతే తయారుచేసుకోండి. ఐదారు వాక్యాలు చాలు. మిర్చిని మెక్సికోలో 'చీలె' అంటారు, ఆ మాట అక్కడి నాహువాత్ల్ భాషది. నేను "మి పాద్రె బెందె చీలె" అన్నా, మా నాన్న మిర్చి అమ్ముతాడని. టీచర్ నవ్వి "ఏంటి, చిలీ దేశాన్నే అమ్ముతారా?" అని అడిగారు. బహువచనంలో 'చీలెస్' అని ఉంటే ఆ గొడవ లేకపోయేది. ఇంటికొచ్చి బాపుకి చెప్తే తక్కెడ మీంచి తల ఎత్తకుండానే "క్వింటాలుకి ఎంతొస్తదో అడగకపోయినవా?" అన్నాడు.