రాతప్రతుల సిరాలు – 3వ పాఠం: కరక్కాయ నలుపు

పోయిన పాఠంలో దీపపు మసితో చేసిన సిరా ఆరిందా? తడి వేలితో రుద్ది చూడండి, చెదురుతుంది. మసి కాగితం పైనే కూర్చుంటుంది. ఇవాళ్టి సిరా లోపలికి ఇంకుతుంది. ఇది కాగితానికే, తాటాకు మీద గంటంతో గీసి మసి రుద్దితే చాలు.

పాత రాతల్లో మాటల మధ్య ఖాళీ ఉండదు. అభ్యాసానికి అదే తీరులో నేనే ఒక వరుస కూర్చాను:

కరక్కాయలు౧పలంఅన్నభేది౹పలంతుమ్మబంక౹పలం

ముందు మాటలు విడగొట్టండి. అన్నభేది అంటే ఇనుము ఉండే లవణం, ఫెర్రస్ సల్ఫేట్. పలమంటే 3 తులాలు, సుమారు 35 గ్రాములు. నిలువు గీత దగ్గర ఆగండి. అది విరామం కాదు, పావు. అదే గీత అడ్డంగా ఉంటే వీసం, పదహారో వంతు. మొదట్లో ఓ పాత రాతలో నేను ఆ గీతను విరామమనుకొని అన్నభేది నిండు పలం వేశాను. సిరా కారునలుపు తేలింది, నా అంత పనిమంతుడు లేడనుకున్నా. కొన్ని నెలలకు అక్షరాల చుట్టూ గోధుమరంగు దిగింది. మడత దగ్గర కాగితం అక్షరం వెంబడే చిట్లింది. మోతాదు మించిన ఇనుము, పులుపు కలిసి కాగితాన్ని తినేస్తాయి.

ఇంకో చిక్కు. కాయను గింజతో తూచాలా, తీసేసి తూచాలా? ఇలాంటి వరుసల్లో ఉండదు. చేసేవాళ్లకు తెలిసిందే కదా, ఎందుకు రాస్తారు? వరంగల్ చౌరస్తా దగ్గర మూలికల దుకాణంలో మాత్రం కరక్కాయ అనగానే అడిగిండు: “పెచ్చులు కావాల్నా, కాయలు కావాల్నా సార్?” వగరంతా గింజ చుట్టూ ఉండే పెచ్చులోనే. పెచ్చులే తీసుకోండి.

35 గ్రాముల పెచ్చులు కచ్చాపచ్చాగా దంచి, పావు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, స్టీలు గిన్నెలో సగమయ్యేదాకా మరిగించండి. ఇనుప మూకుడు వద్దు. ఇనుము దిగి కషాయం ముందే నల్లబడుతుంది, కొలత తప్పుతుంది. (అన్నభేది ఊసే లేని విధానంలో ‘ఇనుప పాత్ర’ అని కనబడితే దాటేయకండి, అక్కడ పాత్రే సరుకు.) వడగట్టి 9 గ్రాముల అన్నభేది వేయండి. వెంటనే కలపకండి. లేతాకుపచ్చ పలుకులు పడ్డ చోటి నుంచి నీలినలుపు పొగలా పాకుతుంది, అది చూడాలి. తర్వాత నానబెట్టిన తుమ్మబంక, అదీ 9 గ్రాములే. బట్టకంటితే మరక వదలదు.

వెదురు కలంతో పై వరుసే రాయండి. తడి మీద పలచగా ఉన్నా గాలి తగిలి మర్నాటికి చిక్కబడుతుంది. కొంచెం సిరా విడిగా తీసి, అన్నభేది నాలుగింతలయ్యేలా ఇంకా వేసి నా తప్పు కూడా చేసి, దానితోనూ రాసి, తేదీ వేసి రెండు చీటీలూ దాచండి.

వచ్చే పాఠం ఇంగిలీకం ఎరుపు. అందులో పాదరసం ఉంటుంది, చేతి తొడుగులు కొని ఉంచుకోండి.