భాగస్వాములను కలిపే సైట్‌లో ప్రొఫైల్ పేజీని మళ్లీ కట్టడం ఎలా

వ్యాపార భాగస్వాములను కలిపే సైట్లలో ప్రొఫైల్ పేజీ చాలావరకు ఉద్యోగం కోసం రాసుకున్న బయోడేటాలా ఉంటుంది. పైన ఫొటో, కింద పేరు, అనుభవం, చివర్లో ‘మా గురించి’ అని ఒక పేరా. చూసేవాళ్లకు కావాల్సింది అది కాదు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే నేత తివాచీలు) నేయించే యూనిట్ పేజీ తెరిచిన వ్యాపారి మూడు సంగతులు వెతుకుతాడు. వీళ్ల దగ్గర ఏముంది, వీళ్లకు ఏం కావాలి, చెప్పేదాంట్లో నిజం ఎంత. ఈ మూడింటికీ ఫోన్ మొదటి స్క్రీన్‌లోనే జవాబు దొరకాలి. అది లేకుండా రంగులు, బొమ్మలు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

డిజైన్ మొదలుపెట్టే ముందు పాత ప్రొఫైళ్లు ఒక యాభై తీసి వరసగా చదవండి. ఒక షీట్‌లో ‘ఉంది’, ‘కావాలి’, ‘షరతు’ అని మూడు గడులు గీసి, ప్రతి ప్రొఫైల్‌లో దొరికిన మాటను దాని గడిలో వేయండి. ‘ఇరవై ఏళ్ల అనుభవం, నాణ్యతకు మారుపేరు, మంచి పార్ట్‌నర్ కావాలి’ లాంటి వాక్యం దగ్గర ఆగిపోతారు. దాన్ని ఏ గడిలోనూ వేయలేం. తప్పు రాసినవాళ్లది కాదు. ఖాళీ పెట్టె ఇచ్చి ‘మీ గురించి రాయండి’ అంటే ఎవరైనా దుకాణం బోర్డు మీద రాయించేదే రాస్తారు. అడిగే ప్రశ్న మార్చాలి.

ఏం అడగాలి

మొట్టమొదట అడగాల్సింది ఏ రకం భాగస్వామి అని. ‘పార్ట్‌నర్’ అనే మాట కింద రోజువారీ పని చూసుకునే వర్కింగ్ పార్ట్‌నర్, పెట్టుబడి మాత్రమే పెట్టే స్లీపింగ్ పార్ట్‌నర్, సరుకు కొనే డీలర్ అందరూ వచ్చి చేరతారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనే వ్యాపారి పార్ట్‌నర్ కావాలన్నాడంటే, సీజన్‌లో కొన్న సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టడానికి సగం డబ్బు వేసేవాళ్లు కావాలని కావచ్చు. ఆ లావాదేవీ కొన్ని నెలల్లో ముగిసిపోతుంది. సంస్థలో శాశ్వతంగా వాటా తీసుకోవడం వేరే సంగతి. ఈ రెండూ ఒకే జాబితాలో కలిస్తే రెండు వైపులా సమయం వృథా. అందుకే రకం ఎంచుకున్నాకే మిగతా ప్రశ్నలు తెరుచుకోవాలి.

తర్వాత ‘నా దగ్గర ఉంది’, ‘నాకు కావాలి’ అని రెండు ప్రశ్నలు. వీటిలో చాలామంది డిజైనర్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. రెండు ప్రశ్నలకూ ఎంపికల జాబితా అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. స్థలం, షెడ్డు, మిషన్లు, పనివాళ్లు, లైసెన్సు, ఖాతాదారులు, అమ్మకాలు, రవాణా, డబ్బు. ఒకరి ‘ఉంది’ మరొకరి ‘కావాలి’తో కలిస్తేనే జోడీ కుదురుతుంది. ఒకచోట ‘మార్కెటింగ్’, ఇంకోచోట ‘అమ్మకాలు’ అని పెడితే మెషీన్ లెక్కలో అవి రెండు వేర్వేరు వస్తువులు. ఎంపిక పక్కన పరిమాణం రాసే చిన్న గడి ఇవ్వండి.

డబ్బు దగ్గర కచ్చితమైన అంకె అడగొద్దు. అడిగితే ఖాళీగా వదిలేస్తారు, లేదా సున్నాలు కొట్టి ముందుకు పోతారు. 5 లక్షల లోపు, 5–25 లక్షలు, 25 లక్షల నుంచి కోటి, కోటి పైన అని నాలుగు మెట్లు చాలు. ‘డబ్బు కాదు, షెడ్డో మిషన్లో పెడతాను’ అనే ఐదో ఎంపిక తప్పకుండా ఉండాలి. సిరిసిల్ల పవర్‌లూమ్ యజమాని పెట్టుబడి మగ్గాల రూపంలోనే ఉంటుంది. లాభంలో వాటా శాతాన్ని మాత్రం తప్పనిసరి చేయొద్దు. అది ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునే విషయం.

ఇవన్నీ నింపాక పేజీ పైభాగం ఇలా కనిపించాలి (ఇది నమూనా; ఉద్యమ్ అంటే చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్):

దర్రీల తయారీ, కొత్తవాడ, వరంగల్
ఉంది: 12 మగ్గాలు, నేతగాళ్లు, సొంత షెడ్డు
కావాలి: హైదరాబాద్‌లో అమ్మకాలు చూసుకునే వర్కింగ్ పార్ట్‌నర్
పెట్టుబడి: 5–25 లక్షలు, వాటా మాట్లాడుకుందాం
సరిచూసినవి: జీఎస్టీ, ఉద్యమ్

యజమాని ఫొటో, కథ, అవార్డులు అన్నీ దీని కిందకి పోవాలి.

సరిచూశామని చెప్పే పద్ధతి

పేరు పక్కన ఒక్క నీలం టిక్ పెట్టి వదిలేయడం ప్రమాదం. సైట్ సరిచూసింది ఫోన్ నంబర్ ఒక్కటే అయినా, చూసేవాళ్లు వ్యాపారం మొత్తానికి హామీ ఉందనుకుంటారు. ఏది సరిచూశారో, ఏ తేదీన చూశారో విడివిడిగా రాయండి.

జీఎస్టీ నంబర్ ఒక్కదానితోనే చాలా పని జరుగుతుంది. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36. మూడు నుంచి పన్నెండు వరకు పాన్ నంబర్. అంటే మొత్తం మీద ఆరో అక్షరం పాన్‌లోని నాలుగోది. అది ‘పి’ అయితే వ్యక్తి, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ లేదా ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), ‘సి’ అయితే కంపెనీ. ప్రైవేట్ లిమిటెడ్ అని ఎంచుకున్నవాళ్ల నంబర్‌లో ఆరో అక్షరం ‘పి’ ఉంటే, ఫారమ్ అక్కడే ఆపి ‘ఇది వ్యక్తిగత పేరుతో ఉన్న నంబర్’ అని చెప్పాలి.

ఇదే కారణంతో జీఎస్టీ నంబర్‌ను పేజీ మీద పూర్తిగా చూపించకూడదు. సొంత పేరుతో వ్యాపారం చేసే మనిషి జీఎస్టీ నంబర్‌లో అతని సొంత పాన్ ఉంటుంది. ‘జీఎస్టీ సరిచూశాం’ అని రాసి, నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు చూపిస్తే చాలు.

జీఎస్టీ లేనివాళ్లను తక్కువ చేసి చూపొద్దు. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా చాలా వ్యాపారాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వాళ్ల పేజీలో ఎర్ర గుర్తు పెట్టకుండా, ఆ వరస కనిపించకుండా చేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే అదే చూపించండి.

భాగస్వామ్య సంస్థ అయితే ‘రిజిస్టర్ అయిందా’ అని ఒక ప్రశ్న ఉండాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ 69వ సెక్షన్ వల్ల, రిజిస్టర్ కాని సంస్థ తన ఒప్పందాల మీద బయటివాళ్లపై దావా వేయలేదు. చేరబోయేవాళ్లకు ఇది ముందే తెలియాలి.

‘పెట్టుబడికి నెలనెలా ఖాయంగా ఇంత ఇస్తాం’ అనే వాక్యం కనబడితే పేజీని ప్రచురించకుండా మనిషి చేత చదివించండి. ఖాయమైన రాబడికి డబ్బు పోగుచేయడం 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి వెళ్లే ప్రమాదం ఉంది, పైగా మోసాలు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

జిల్లా పేర్లు

ఉమ్మడి వరంగల్‌లో ఇదో పెద్ద చిక్కు. 2016లో జిల్లాలు విడిపోయాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత డేటాలో ‘అర్బన్’ అని ఉన్నదాన్నల్లా హనుమకొండగా మారిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాకు వెళ్లాయి. రూరల్‌లో ఉన్న పరకాల హనుమకొండకు వచ్చింది. కాబట్టి మార్పిడి మండలం పేరు పట్టుకునే చేయాలి. మండలం లేని ప్రొఫైళ్లకు యజమానినే అడగండి. వెతికే పెట్టెలో ‘హన్మకొండ’, ‘హనుమకొండ’, ‘ఓరుగల్లు’ ఏది కొట్టినా ఫలితం రావాలి. జాబితాలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఇచ్చి, తెలుగు, ఇంగ్లిష్ పేర్లన్నీ దానికే కట్టేస్తే సరిపోతుంది.

తెలుగు అక్షరం స్క్రీన్ మీద

ఇంగ్లిష్ కోసం గీసిన కార్డులో తెలుగు పోస్తే వత్తులు తెగిపోతాయి. లైన్-హైట్ (ఒక్కో లైను ఎత్తు) అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్ల మధ్య, అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గకుండా పెట్టండి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) సున్నా ఉండాలి. వ్యాపారం పేరుకు రెండు లైన్లు కేటాయించండి. ‘శ్రీ లక్ష్మీనరసింహ ట్రేడర్స్ అండ్ కోల్డ్ స్టోరేజ్’ 360 పిక్సెళ్ల వెడల్పు ఫోన్‌లో ఒక లైనులో పట్టదు. ‘క్ష్మీ’ చూడడానికి ఒకే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 18. ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని 150 అక్షరాలు అని పెట్టిన పరిమితి తెలుగులో రాసేవాళ్లకు వాక్యం మధ్యలోనే అయిపోతుంది. పైగా పొడవు దాటినప్పుడు కోసేసే కోడ్ అక్షరాన్ని నడిమికి కోస్తుంది, చివర్లో ‘క్’ మిగిలిపోతుంది. కోత పూర్తి అక్షరం దగ్గర పడేట్టు రాయించుకోండి.

ఫొటోలు మూడు నుంచి ఐదు చాలు. షెడ్డువి, సరుకువి. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్‌లో తీసిన చోటు కూడా దాగి ఉండొచ్చు, ఇంట్లోనే మగ్గం ఉన్నవాళ్లకు అది ఇంటి చిరునామా. అప్‌లోడ్ అయిన వెంటనే దాన్ని చెరిపేయండి. ఫోన్ నంబర్ కూడా బహిరంగంగా ఉండొద్దు. అవతలివాళ్లు అడగాలి, ఇవతలివాళ్లు ఒప్పుకోవాలి, అప్పుడే ఇద్దరికీ నంబర్లు తెరుచుకోవాలి.

పాతవాళ్లను కొత్త పేజీకి తేవడం

పాత పేరా నుంచి కొత్త గడులను మెషీన్‌తో నింపి, నేరుగా ప్రచురించొద్దు. చిత్తుగా నింపి యజమానికి పంపండి, ‘ఇది సరేనా’ అని అడగండి. వాట్సాప్‌లో లింక్ పంపితే, పాస్‌వర్డ్ లేకుండా ఓటీపీతో తెరుచుకోవాలి. జవాబు రాని ప్రొఫైల్‌లో పాత పేరానే ఉంచండి. ముందు పదో వంతు మందికి ఇచ్చి రెండు వారాలు చూడండి. పేజీ చిరునామా మారితే పాతదానికి 301 రీడైరెక్ట్ (పాత లింకు తెరిచినా కొత్త పేజీకే తీసుకెళ్లే ఏర్పాటు) పెట్టండి, లేదంటే విజిటింగ్ కార్డు మీద అచ్చేసుకున్న లింకులు పనికిరాకుండా పోతాయి.

ఎంతమంది చూశారన్నది లెక్కలోకి తీసుకోవద్దు. పంపిన అభ్యర్థనల్లో ఒప్పుకున్నవి ఎన్ని, వారంలోపు జవాబు వచ్చినవి ఎన్ని అని చూడండి. చూపులు పెరిగి ఒప్పుకోలు తగ్గితే ‘కావాలి’ గడి ఇంకా అస్పష్టంగా ఉందని అర్థం. రెండు నెలలకోసారి ‘ఇంకా వెతుకుతున్నారా’ అని అడిగి, జవాబు ఇవ్వనివాళ్ల పేజీని ఫలితాల్లో కిందకి దించండి. ‘దొరికారు’ నొక్కినవాళ్ల పేజీ మూయకుండా పక్కన పెట్టండి, వచ్చే సీజన్‌కు వాళ్లే మళ్లీ తెరుస్తారు.