ఈసీజీలో లీడ్ 1 తలకిందులైందా? ముందు చేతులు చూడండి

చేతులు, కాళ్లు, ఛాతీ మీద పెట్టిన వైర్లతో గుండె విద్యుత్తును కాగితం మీద గీసేదే ఈసీజీ. గుండెను ఒక్కో వైపు నుంచి చూసి గీసే గీతను లీడ్ అంటారు. జెల్ రాయడం, ఛాతీ మీద ఆరు చోట్లు (వీ1 నుంచి వీ6) గుర్తుపట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

గీత దట్టమైన పట్టీలా వస్తే అది కరెంటు లైను నుంచి చొరబడినది. మన లైను 50 హెర్ట్జ్. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిస్తే ఒక్కో చిన్న గడిలో రెండు అలలు పడతాయి. పక్కనున్న ఛార్జరు తీసేయండి, ఎర్తింగ్ చూడండి. గీత పైకీ కిందికీ ఊగుతుంటే జెల్ ఆరిపోయి ఉంటుంది. గజిబిజిగా వణుకుతుంటే పేషెంటుకి చలేస్తోందేమో, దుప్పటి కప్పండి. చర్మం తుడవడానికి మాత్రం బద్ధకించకండి. గుండె కండర కణం లోపల వోల్టేజి మైనస్ 90 మిల్లీవోల్టుల నుంచి సున్నా దాటి పైకి ఎగసినా, చర్మం దాకా వచ్చేసరికి మనకు దక్కేది సుమారు 1 మిల్లీవోల్టే.

లీడ్ 1లో పీ, క్యూఆర్ఎస్, టీ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ వరుసగా వచ్చే అలలు) మూడూ కిందికి, కుడి చేతి వైపు నుంచి చూసే ఏవీఆర్‌లో పైకి వస్తే

నూటికి తొంభై పాళ్లు రెండు చేతుల వైర్లు మారిపోయాయి. ఎందుకో చూడండి. గుండె కుడి పైగది (కర్ణిక) పైభాగంలో ఉండి ప్రతి గుండె చప్పుడునూ మొదలుపెట్టే సైనస్ నోడ్ కణాలు మిగతా కండర కణాల్లా ఎవరో తట్టేదాకా ఆగవు. మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గర నుంచి సోడియం మెల్లగా లోపలికి చేరుతూ ఉంటుంది. మైనస్ 40 దగ్గరికి రాగానే కాల్షియం దారులు తెరుచుకుని కణంలో విద్యుత్ అల పుడుతుంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఇదే పని. అక్కడ పుట్టిన అల ఎడమకీ కిందికీ పాకుతుంది. లీడ్ 1 ఎడమ చేతి వైపు నుంచి చూస్తుంది కాబట్టి, తనవైపు వచ్చే అలను పైకి గీస్తుంది. వైర్లు మారితే కుడి చేతి నుంచి చూసి కిందికి గీస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి, మంచం కాళ్ల వైపు నిలబడి ఒక పెద్దాయనకి క్లిప్పులు పెట్టాను. నా కుడివైపు ఆయన ఎడమ చేయి. గీత చూసి పాత గుండెపోటేమో అని ఆయన్ని రాత్రంతా ఉంచేశారు. కూతురు గుమ్మం పట్టుకుని ఏడుస్తూ నిలబడింది. తెల్లారి మళ్లీ తీస్తే అంతా మామూలే. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే పేషెంటు కుడి చేయి పట్టుకుని, వైరు మీద అక్షరం చదివి, అప్పుడు క్లిప్పు పెట్టండి. రంగును నమ్మకండి. మన దగ్గర ఎక్కువగా ఉండే కేబుల్లో ఎరుపు కుడి చేతికి, పసుపు ఎడమ చేతికి, ఆకుపచ్చ ఎడమ కాలికి, నలుపు కుడి కాలికి. అమెరికా తరహా కేబుల్లో తెలుపు కుడి చేతికి, నలుపు ఎడమ చేతికి, ఎరుపు ఎడమ కాలికి. కాగితం చింపే ముందు లీడ్ 1, ఏవీఆర్ చూడడానికి ఐదు సెకన్లు చాలు. తప్పనిపిస్తే సరిచేసి మళ్లీ తీయండి, పాత కాగితం మీద తప్పు అని రాయండి. ఛాతీ నొప్పితో వచ్చినవారైతే రెండోసారి తీసేలోపే డాక్టరుగారికి కబురు పెట్టండి.

లీడ్ 2 దాదాపు చదునుగా వస్తే కుడి చేయి, కుడి కాలు వైర్లు మారాయి.

చేతులు సరిగ్గానే ఉండి, వీ1 నుంచి వీ6 వైపు ఆర్ (క్యూఆర్ఎస్ లో పైకి లేచే మొన) ఎత్తు తగ్గుతూ పోతే గుండె కుడివైపు ఉండొచ్చు. అది చాలా అరుదు. పీ ఒక్కటే తిరగబడి క్యూఆర్ఎస్ బాగుంటే వైర్లు ముట్టుకోకుండా కాగితం డాక్టరుకి చూపించండి.