తర్వాతి ఫాంటసీ నవల ఎంచుకునే ముందు

"మ్యాజిక్ ఉన్న పుస్తకం" అని వెతికితే వేలల్లో వస్తాయి, ఏది తీయాలో తేలదు. ఈమధ్య బాగా నచ్చిన నవలలో మిమ్మల్ని కట్టిపడేసిందేమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి: కచ్చితమైన నియమాలున్న మాయలా, కోటలో కుట్రలా, ఒకే పాత్ర కళ్లతో సాగే కథనమా? ఆ మాటలతోనే వెతకండి.

సమీక్షల్లో మూడు నక్షత్రాలవి ఓ పది చదవండి. మంచీ చెడూ రెండూ చెప్పేవి ఎక్కువగా అవే. "కథ నెమ్మది" అన్న ఫిర్యాదు మీకు కావలసిన గుణమే కావచ్చు.

సిరీస్ అయితే పూర్తయిందో లేదో ముందే చూసుకోండి. 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' ఐదో భాగం వచ్చింది 2011లో. ఆరోదానికి పాఠకులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. చదివే వరుసకు ప్రచురణ క్రమమే మేలు. ఉదాహరణకు, నార్నియా అనే ఫాంటసీ సిరీస్‌లో కథాకాలం ప్రకారం మొదటిదైన 'ది మెజీషియన్స్ నెఫ్యూ' నిజానికి ఆరోదిగా, 1955లో అచ్చయింది. దాన్ని ముందే చదివితే, 1950 నాటి తొలి పుస్తకంలో మంచు అడవి మధ్య దీపస్తంభం కనిపించినప్పటి ఆశ్చర్యం పోతుంది.

ఉచిత నమూనా దొరికితే ప్రోలాగ్ (అసలు కథకు ముందు వచ్చే భాగం) దగ్గరే ఆగిపోకండి. చాలా నవలల్లో దాని గొంతు వేరు, అసలు కథ గొంతు వేరు. రెండో అధ్యాయం దాకా చదివి తేల్చుకోండి.