ఏ యాడ్ చూసి వచ్చారు, ఎంత కొన్నారు: కడియం నర్సరీలో మేం రాసుకునే లెక్క

కడియపులంకలో మా నర్సరీకి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ నేనే చూసుకుంటాను. మొదటి ఏడాది రెండు యాడ్స్ నడిపాం. ఒకటి కుండీల్లో పెంచుకునే పూల మొక్కలది, రంగురంగుల కాగితం పూల వీడియో. రెండోది కొబ్బరి మొక్కలది, బాబాయి మొక్కని ఎత్తి పట్టుకుని మొదలు ఎంత లావుందో చూపిస్తూ మాట్లాడిన వీడియో. పూల యాడ్‌కి వాట్సాప్ మోగుతూనే ఉండేది, కొబ్బరి యాడ్‌కి రోజుకి ఒకటో రెండో మెసేజ్‌లు. దాంతో కొబ్బరి యాడ్ ఆపేసి ఆ డబ్బు కూడా పూల యాడ్‌కే పెట్టాను. దసరా దాటాక బాబాయి లోడ్ల పుస్తకం తిరగేస్తూ, "భీమవరం వైపు నుంచి చెరువు గట్ల మీద వెయ్యడానికి కొబ్బరి మొక్కలు పట్టుకెళ్లేవాళ్లు ఈమధ్య ఫోన్ చెయ్యట్లేదేంట్రా?" అన్నాడు. వాళ్లు వచ్చిందే ఆ యాడ్ చూసి. ఆపింది నేను.

అప్పటి నుంచి ఒక్కటే పట్టుకున్నాను. మనిషి మనల్ని మొదటిసారి పలకరించినప్పుడే ఏ యాడ్ చూసి వచ్చాడో రాసుకోవాలి, ఆ రాసుకున్నదాన్ని డబ్బు చేతికొచ్చేదాకా వదలకూడదు. మధ్యలో ఎక్కడ తెగినా మిగతా లెక్కంతా ఊహే అవుతుంది.

ముందు ప్రతి యాడ్‌కీ ఒక చిన్న గుర్తు పెట్టండి. మేం కొబ్బరికి కొ1, కొ2, పూల మొక్కలకి పూ1, పూ2 అని పెట్టుకున్నాం. వీడియో మారితే గుర్తు మారాలి, చూపించే ఊరు మారినా మారాలి. యాడ్స్ మేనేజర్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్ పెట్టి నడిపే చోటు) యాడ్ పేరులో కూడా అదే గుర్తు ఉండాలి, లేకపోతే మూడు నెలల తర్వాత ఏది ఏదో మీకే తెలియదు.

మన దగ్గర వ్యాపారం ఎక్కువగా వాట్సాప్ మీదే కాబట్టి అసలు పని అక్కడే ఉంది. వాట్సాప్‌కి తీసుకెళ్లే యాడ్ పెట్టేటప్పుడు, కస్టమర్ నొక్కగానే పెట్టెలో ముందే రాసి ఉండే మెసేజ్‌ని మనమే మార్చుకోవచ్చు. అక్కడ "కొబ్బరి మొక్కల రేటు చెప్పండి – కొ1" అని పెట్టండి. వాళ్లు పంపు నొక్కితే చాలు, గుర్తు మీ చాట్‌లోకి వచ్చేస్తుంది. కొందరు అది చెరిపేసి "హాయ్" అని పెడతారు, అప్పుడు చాట్ మొదట్లో కనిపించే యాడ్ బొమ్మ చూసి రాసుకోండి. వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉంటాయి కదా, కొత్త ఎంక్వైరీ, అడ్వాన్స్ వచ్చింది, లోడ్ వెళ్లింది అని మూడు పెట్టుకుంటే ఎవరు ఎక్కడ ఆగారో చాట్ లిస్టులోనే కనిపిస్తుంది.

ఫోన్ చేసేవాళ్ల దగ్గరే చిక్కు. "ఎక్కడ చూశారండీ?" అంటే నూటికి తొంభై మంది "ఫేస్‌బుక్‌లో అండీ" అంటారు, దాంతో మనకి ఒరిగేదేం లేదు. "వీడియోలో ఏం మొక్క చూపించారండీ, మాట్లాడింది పెద్దాయనా, కుర్రాడా?" అని అడగండి, ఠక్కున చెప్పేస్తారు. ఇంకా తేలిక దారి, యాడ్స్‌లో ఇచ్చే నెంబర్ కోసం విడిగా ఒక సిమ్ తీసుకోవడం. హైవే మీది బోర్డు చూసి చేసేవాళ్లు పాత నెంబర్‌కి చేస్తారు, ఈ సిమ్ మోగిందంటే యాడ్ చూసినవాళ్లే.

వెబ్‌సైట్ ఉన్నవాళ్లు లింక్ చివర యూటీఎమ్ తోకలు, అంటే మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పే చిన్న మాటలు, తగిలించాలి. సోర్స్ అంటే ఫేస్‌బుక్కా ఇన్‌స్టానా, మీడియమ్ అంటే డబ్బిచ్చిన యాడా మామూలు పోస్టా, క్యాంపెయిన్ అంటే ఏ సీజన్ ప్రచారం, కంటెంట్ అంటే మన కొ1, పూ2 లాంటి గుర్తు. ఇక్కడ మాత్రం ఇంగ్లిషులోనే, అన్నీ స్మాల్ లెటర్స్‌లోనే రాయండి. ఎందుకంటే సైట్‌కి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ పెద్ద అక్షరంతో రాసిన ఫేస్‌బుక్‌నీ చిన్న అక్షరంతో రాసినదాన్నీ రెండు వేరు చోట్లుగా లెక్కేస్తుంది. మీ సైట్‌లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే లింకులకి మాత్రం ఈ తోకలు పెట్టకండి, మనిషి మొదట ఎక్కడి నుంచి వచ్చాడన్నది దానితో చెదిరిపోతుంది. ఆన్‌లైన్‌లోనే డబ్బు కట్టించుకుంటుంటే మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టా కంపెనీ) పిక్సెల్‌లో, అంటే మన సైట్‌లో ఏం జరిగిందో మెటాకి చెప్పే చిన్న కోడ్‌లో, కొనుగోలు జరిగిందని మాత్రమే కాకుండా ఎన్ని రూపాయలో కూడా వెళ్లేలా చేయించండి. దానితోపాటు కన్వర్షన్స్ ఏపీఐ (అదే సమాచారాన్ని మన సర్వర్ నుంచి నేరుగా మెటాకి పంపేది) కూడా పెట్టిస్తే మంచిది, 2021లో ఐఫోన్లలో ట్రాకింగ్‌కి అనుమతి అడగడం మొదలయ్యాక పిక్సెల్ ఒక్కదానికే అన్నీ కనపడటం లేదు.

ఇక షీట్. గూగుల్ షీట్ చాలు. తేదీ, ఫోన్ నెంబర్, యాడ్ గుర్తు, ఊరు, ఏ మొక్క, ఎన్ని, అడ్వాన్స్, మొత్తం బిల్లు, మనకి మిగిలింది. "హాయ్" అన్న ప్రతివాణ్నీ ఇందులో ఎక్కించకండి. ఊరు, ఎన్ని మొక్కలు అన్నవి చెప్పినవాడే మాకు లీడ్, అంటే కొనే అవకాశం ఉన్నవాడు.

లెక్క ఎలా వేయాలో చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే. రెండు యాడ్స్‌కీ తలా 3,000 పెట్టామనుకోండి. పూ1కి 150 మెసేజ్‌లు, అంటే మెసేజ్‌కి 20 రూపాయలు. కొ1కి 12 మెసేజ్‌లు, అంటే మెసేజ్‌కి 250. ఇక్కడితో ఆగితే కొ1 దండగ అనిపిస్తుంది, నేను చేసింది అదే. కిందకి రండి. పూ1 నుంచి 9 మంది తలా 600 కి కొన్నారు, మొత్తం 5,400, అందులో మిగిలేది 30 శాతం అనుకుంటే 1,620. కొ1 నుంచి ఇద్దరే కొన్నారు, కానీ ఒక్కొక్కరు 45,000 కి, మొత్తం 90,000, అందులో 20 శాతం మిగిలినా 18,000. ఇప్పుడు యాడ్ ఖర్చు తీసేయండి. 3,000 కాదు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 3,540. బతికున్న మొక్కల మీద జీఎస్టీ లేదు కాబట్టి మొక్కలు మాత్రమే అమ్మే నర్సరీవాళ్లకి ఆ 540 వెనక్కి రాదు, అది ఖర్చే. పూ1లో 1,920 పోయింది, కొ1లో 14,460 మిగిలింది. బిల్లు మీద కాకుండా మిగిలినదాని మీద లెక్క వేయమనేది ఇందుకే.

ఇంకో ముఖ్యమైన మాట. కొబ్బరి తోటకి అడిగినవాడు ఆ వారమే కొనడు. ఆషాఢంలో రేటు అడిగి, గట్టు చదును చేయించుకుని, కార్తీకంలో లారీ పంపుతాడు. యాడ్స్ మేనేజర్ మామూలుగా యాడ్ నొక్కిన 7 రోజుల్లోపు, నొక్కకుండా చూసిన ఒక రోజులోపు జరిగిన అమ్మకాన్నే తన ఖాతాలో వేసుకుంటుంది, కాబట్టి మన పెద్ద ఆర్డర్లు దాని కంటికే ఆనవు. మీ షీట్‌లో కార్తీకంలో వచ్చిన డబ్బుని ఆషాఢంలో వచ్చిన ఆ మనిషి వరసలోనే రాయండి, ఆషాఢం నెల యాడ్ ఖర్చుతోనే పోల్చండి. ఏ నెల డబ్బు ఆ నెల ఖర్చుతో పోలిస్తే మంచి యాడ్ చెడ్డదిగా కనిపిస్తుంది, పైగా ఏ యాడూ నడవని నెలలో డబ్బు ఊరికే వచ్చినట్టుంటుంది. పూతరేకుల లాంటి సరుకు అమ్మేవాళ్లకి ఈ బాధ తక్కువ, అక్కడ అడిగినవాళ్లు ఆ రోజో మర్నాడో కొనేస్తారు.

ఫేస్‌బుక్కూ గూగులూ రెండింట్లో యాడ్స్ నడిపేవాళ్లు ఒకటి గమనించాలి. ఒకే అమ్మకాన్ని రెండూ మాదంటే మాదంటాయి. రెండింటి అంకెలూ కూడితే బ్యాంకులో పడినదానికంటే ఎక్కువ తేలుతుంది. మేం బ్యాంకు స్టేట్‌మెంటునే నమ్ముతాం.

వాట్సాప్ బదులు లీడ్ ఫారం (యాడ్ నొక్కగానే పేరు, నెంబర్ నింపే ఫారం) పెట్టేవాళ్లు పేర్లు వెంటనే దించుకోండి, 90 రోజులు దాటితే మెటా నుంచి దొరకవు. ఫారంలో "ఎన్ని మొక్కలు కావాలి, ఏ ఊరికి?" అన్న ప్రశ్న కలపండి. వచ్చే పేర్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

మా ఇంట్లో ఆదివారం రాత్రి భోజనాలయ్యాక బాబాయి లోడ్ల పుస్తకం చదువుతాడు, నేను ఫోన్ నెంబర్ వెతికి షీట్‌లో ఎదురుగా డబ్బు ఎక్కిస్తాను. అరగంట పని. కొందరు ఒక నెంబర్‌తో అడిగి తమ్ముడి నెంబర్‌తోనో మేస్త్రీ నెంబర్‌తోనో డబ్బు పంపుతారు, అందుకని లోడ్ ఎక్కించేటప్పుడే "మొదట ఏ నెంబర్ నుంచి మాట్లాడారండీ?" అని బాబాయి అడిగి పుస్తకంలో రాస్తాడు. అయినా కొన్ని తేలవు. అలాంటివాటి ఎదురుగా తోచిన గుర్తు వేసెయ్యకుండా "తెలియదు" అనే రాస్తాం. నెలాఖరుకి ఆ "తెలియదు"లు మొత్తం డబ్బులో పావు వంతు దాటితే ఆ నెల ఏ యాడ్‌నీ ఆపం, పెంచం, ముందు ఫోన్ దగ్గర అడగడం ఎక్కడ మర్చిపోతున్నామో చూసుకుంటాం.