‘ఫస్’ అనే ఇంగ్లీషు మాటను ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

అమీర్‌పేటలో నేను చెప్పే సాయంత్రపు స్పోకెన్ ఇంగ్లీషు తరగతికి వచ్చేవారిలో ‘ఫస్’ అన్న మాట విననివారు తక్కువ. అర్థం అడిగితే మాత్రం ఒకరు గొడవ అంటారు, ఒకరు హడావిడి అంటారు, పాతబస్తీ నుంచి వచ్చే కుర్రాడు హంగామా అంటాడు, కరీంనగర్ అమ్మాయి లొల్లి అంటుంది. నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ ఏదీ పూర్తిగా అతకదు. ఈ తెలుగు మాటలు జరుగుతున్న అలజడిని చెప్పి ఊరుకుంటాయి. ‘ఫస్’ అన్నప్పుడు మాత్రం, ఇంత చిన్న విషయానికి అంత అలజడి అనవసరమన్న మాట్లాడేవారి అభిప్రాయం కూడా అందులోనే కలిసి వస్తుంది.

ఆ అభిప్రాయాన్ని కూడా మోసే తెలుగు మాట ఒకటి ఉంది. అది రాద్ధాంతం. ‘చెంచా ఒకటి కనిపించకపోతే ఇంత రాద్ధాంతమా?’ అని అత్తగారు అన్నప్పుడు ఆ వాక్యంలో చెంచా చిన్నదని, రాద్ధాంతం పెద్దదని విడిగా చెప్పనక్కరలేదు. కనుక ఫస్‌ను వాడబోయే ముందు తెలుగులో ఒకసారి సరిచూసుకోమని నా విద్యార్థులకు చెబుతాను: మీ వాక్యంలో రాద్ధాంతం అన్న మాట ఇముడుతుందా? ఇమిడితే చాలా సందర్భాల్లో ఫస్ కూడా ఇముడుతుంది. ఖైరతాబాద్ గణపతి నిమజ్జనానికి కదిలిన రోజున హుస్సేన్‌సాగర్ చుట్టూ ఉండే సందడిని ఎవరూ రాద్ధాంతం అనరు, కనుక దాన్ని ఫస్ అనడం కూడా తప్పే అవుతుంది. అది పండుగ, ఆ హంగామా అక్కడ ఉండవలసిందే. అదే నిమజ్జనం రోజున మన వీధి విగ్రహానికి కట్టిన బెలూన్లలో ఒకటి పగిలిందని ఇద్దరు పెద్దమనుషులు అరగంట సేపు వాదించుకుంటే, దాన్ని నిస్సందేహంగా ఫస్ అనవచ్చు.

ఈ మాట 18వ శతాబ్దం మొదటి సంవత్సరాల నుంచి ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తోంది. పుట్టుక గురించి పండితులు రకరకాలుగా ఊహించారు గాని ఒక మాట మీదికి రాలేదు, దాని మీద వారు చేసుకున్న రాద్ధాంతం మనకు అవసరం లేదు.

వాక్యంలో దీనికి తోడుగా వచ్చే క్రియ ‘మేక్’. మనవారు ‘డూయింగ్ ఫస్’ అంటూ ఉంటారు. తెలుగులో గొడవ ‘చేస్తాం’ కనుక ఆ పొరపాటు సహజమే, కానీ ఇంగ్లీషు చెవికి అది ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ‘షి మేడ్ ఎ ఫస్’ అన్నది సరైన పద్ధతి. గట్టిగా, పదిమందికీ తెలిసేలా యాగీ చేశారని చెప్పాలంటే ‘కిక్ అప్ ఎ ఫస్’ అంటారు. హోటల్లో బిల్లు మీద పది రూపాయలు ఎక్కువ వేశారని మేనేజరును పిలిపించి, పక్క బల్లలవారు కూడా తల తిప్పి చూసేలా మాట్లాడితే అది కికింగ్ అప్. మేక్ వచ్చినప్పుడు ముందు ‘ఎ’ అన్న చిన్న మాట ఉండాలి. ‘వితౌట్ ఎనీ ఫస్’, ‘టూ మచ్ ఫస్’ అన్నప్పుడు అది రాదు. బహువచనం జోలికి వెళ్లకపోవడమే మంచిది, దానితో పని పడే సందర్భం నాకు ఇన్నేళ్లలో ఎదురు కాలేదు.

‘వితౌట్ ఫస్’ను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘గుట్టుచప్పుడు కాకుండా’ అని రాసేవారిని చూశాను. అది తప్పు. గుట్టుచప్పుడు కాకుండా చేసే పనిలో దాపరికం ఉంటుంది. వితౌట్ ఫస్ అన్నదానిలో దాపరికం లేదు, ఆర్భాటం లేకపోవడం మాత్రమే ఉంది. రిజిస్ట్రార్ కార్యాలయంలో సంతకాలు పెట్టి, వచ్చిన నలుగురికీ భోజనం పెట్టి పంపిన పెళ్లి హంగూ ఆర్భాటం లేని పెళ్లి. ఇంట్లో చెప్పకుండా చేసుకున్నది వేరే సంగతి. ఇక్కడే ఇంకొక చిక్కు కూడా ఉంది. రవీంద్రభారతి వేదిక మీద వ్యాఖ్యాతలు ‘వితౌట్ ఫర్దర్ అడూ’ అని, ఇక ఆలస్యం చేయకుండా కార్యక్రమంలోకి వెళదామన్న అర్థంలో అంటారు. అక్కడ అడూ తీసేసి ఫస్ పెడితే, అంతవరకు మాట్లాడిన ముఖ్య అతిథి ప్రసంగం అనవసరపు రభస అని చెప్పినట్టు ధ్వనిస్తుంది. ఒక్కోసారి అది నిజమే కావచ్చు, అయినా మైకులో చెప్పే మాట కాదు.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ మాట వెనుక వచ్చే చిన్న పదాల దగ్గర, కనుక అక్కడ కాస్త నిలబడదాం. ‘ఫస్ అబౌట్’ అన్నప్పుడు వెనుక వచ్చేది గొడవకు కారణమైన విషయం: ‘హి మేడ్ ఎ ఫస్ అబౌట్ ద పార్కింగ్’ అంటే పార్కింగ్ విషయంలో రాద్ధాంతం చేశాడని. ‘మేక్ ఎ ఫస్ ఆఫ్’ అంటే పూర్తిగా వేరే లోకం. అది బ్రిటిష్ వాడుక, ఒకరిని దగ్గరికి తీసుకుని ముద్దు చేయడం, మర్యాదలతో ముంచెత్తడం. ‘ఓవర్’ రెండు చోట్లా నడుస్తుంది, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. సెలవులకు మనవడు సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన క్షణం నుంచి అమ్మమ్మ వాడి సంచి మోయబోవడం, చిక్కిపోయావురా అంటూ బుగ్గలు తడమడం, ఇంటికి వెళ్లగానే అరిసెల డబ్బా తెరిచి, వద్దన్నా రెండో గారె, మూడో గారె పళ్లెంలో వేయడం, ఇదంతా ‘గ్రాండ్‌మదర్ ఈజ్ ఫసింగ్ ఓవర్ హిమ్’ అన్న ఒక్క వాక్యంలో పడుతుంది. ఇందులో నింద చాలా తక్కువ, మురిపెం ఎక్కువ. అతిథి మన ఇంటికి వచ్చి ‘ప్లీజ్ డోంట్ మేక్ ఎ ఫస్’ అంటే కూడా మనల్ని తప్పుపట్టినట్టు కాదు. ‘నా కోసం మీరేమీ శ్రమ పడకండి’ అని మన చుట్టాలు గుమ్మంలోనే అనే మాట అది. మనం ఆ మాటను ఎలాగూ వినం కనుక, అర్థం తెలిసినా తెలియకపోయినా కాఫీ వచ్చి తీరుతుంది.

‘ఫసీ’ అన్న విశేషణానికి తెలుగులో ఒకే మాట వెతకడం వృథా. తిండి దగ్గర ఫసీ అయిన మనిషికి వంకలు పెట్టే మనిషి అనాలి: బిర్యానీలో లవంగం, యాలక్కాయ, బిర్యానీ ఆకు ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున వరుసగా పేర్చి, అప్పటికి అన్నం చల్లారాక తినడం మొదలుపెట్టేవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. పసిబిడ్డ విషయంలో అయితే, ముఖ్యంగా అమెరికా వాడుకలో, పేచీ పెట్టడం, చిరాకుగా ఏడవడం అని అర్థం. పెద్దవయసు మనిషి విషయంలో చాదస్తం అన్నది చక్కగా సరిపోతుంది. అలాంటి మనిషిని బ్రిటన్‌లో ఫస్‌పాట్ అని, అమెరికాలో ఫస్‌బడ్జెట్ అని అంటారు, అక్కడి బడ్జెట్‌కు ఆర్థికమంత్రితో సంబంధం లేదు. చీర మీద అవసరానికి మించిన జరీ, పూసలు, అద్దాలు కలిసి కంటికి నిలకడ లేకుండా చేస్తే ఆ డిజైన్ కూడా ఫసీయే.

చాదస్తం మారుపేరుగా చరిత్రలో నిలిచిపోయిన సందర్భం కూడా ఉంది. అమెరికా సైన్యాధిపతి విన్‌ఫీల్డ్ స్కాట్‌కు యూనిఫాం, మర్యాదా నియమాలు, అలంకారాల మీద ఉన్న పట్టింపు చూసి సైనికులు ‘ఓల్డ్ ఫస్ అండ్ ఫెదర్స్’ అని పేరు పెట్టారు. అదే కాలంలో బట్టల మీద ధ్యాస లేని జెనరల్ జకరీ టేలర్‌ను ‘ఓల్డ్ రఫ్ అండ్ రెడీ’ అన్నారు. టేలర్ అధ్యక్షుడయ్యాడు; స్కాట్ 1852లో పోటీ చేసి ఓడిపోయాడు.

ఇక ఈ మాటను వాడకూడని చోటు గురించి, స్వయంగా దెబ్బ తిన్నవాడిగా చెబుతాను. ఒక వేసవిలో మా అపార్ట్‌మెంటులో బోరు ఎండి, నీళ్ల ట్యాంకరు రెండు రోజులు రాలేదు. కమిటీవారు నోటీసు ఇంగ్లీషులో రాసిపెట్టమని నన్ను అడిగితే, క్లుప్తంగా ఉంటుందనుకుని ‘కైండ్లీ డోంట్ మేక్ ఎ ఫస్ అబౌట్ వాటర్’ అని రాసి లిఫ్టు పక్కన అంటించాను. సాయంత్రం మూడో అంతస్తులో ఉండే విశ్రాంత ఉపాధ్యాయురాలు ఖాళీ బకెట్టు చేతిలో పట్టుకునే మా తలుపు కొట్టారు. ‘మీరు ఇంగ్లీషు చెప్పే సారే కదా? రెండు రోజులు నీళ్లు లేకపోతే అడగడం మీకు ఫస్‌గా కనిపించిందా సార్?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కైండ్లీ అని ముందు పెట్టినంత మాత్రాన ఫస్‌లోని చులకన తగ్గదు. న్యాయమైన ఫిర్యాదుకు ఆ పేరు పెడితే, మీ కష్టం కష్టమే కాదని ఎదుటివారి మొహం మీద చెప్పినట్టే. అలాంటి చోట కంప్లయింట్, కన్సర్న్ వంటి మాటలు వాడాలి. ఆఫీసు మెయిల్లో అయితే ఖాతాదారు గురించి గాని, పై అధికారి గురించి గాని ఈ మాట రాయనే రాయవద్దు. మన గురించి మనం రాసుకోవడంలో ఇబ్బంది లేదు: ‘సారీ టు మేక్ ఎ ఫస్’ అంటే ‘మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు ఏమనుకోకండి’ అన్నంత మెత్తగా ఉంటుంది. నేను మరునాడు కొత్త నోటీసు అంటించాను, పాతది చింపింది మాత్రం ఆవిడే.

పలకడం సులభం. ఫలక్‌నుమాలోని మొదటి అక్షరాన్ని ఉర్దూ తెలిసినవారు పలికినట్టు పై పళ్లు కింది పెదవికి తాకించి మొదలుపెట్టి, బస్ అన్న మాటతో ప్రాస కలిసేలా ముగించాలి. ‘ఫ్యూస్’ అనకూడదు. మన నగరంలో ఇంకొక ప్రమాదం ఉంది: దక్కనీలో టపాకాయ పేలకుండా తుస్సుమంటే ‘ఫుస్’ అయిందంటారు. ఇంగ్లీషు ఫస్ దానికి పూర్తిగా ఎదురు, ఇక్కడ పేలుడు కావలసినదానికంటే ఎక్కువ.

చివరిగా బ్రిటిష్‌వారి నోట తరచుగా వినిపించే ‘ఐయామ్ నాట్ ఫస్డ్’ సంగతి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే నా విద్యార్థి ఒకరు, లండన్ నుంచి వచ్చిన సహోద్యోగిని మధ్యాహ్నం ఏం తింటారని అడిగితే ఆయన ఈ వాక్యం అన్నారట. ఫస్ అంటే గొడవ అని మాత్రమే గుర్తున్న ఈ అబ్బాయి, ‘నేనేమీ కోపంగా లేను’ అని చెబుతున్నారనుకుని, తన వల్ల ఏం తప్పు జరిగిందోనని కంగారుపడి మూడుసార్లు సారీ చెప్పాడట. ఆయన చెప్పింది ‘నాకు ఏదైనా ఫర్వాలేదు’ అని. అసలు అర్థం తెలిశాక ఇద్దరూ వెళ్లి బిర్యానీ తిన్నారు. లవంగాలు ఏరి పక్కన పెట్టింది లండన్ ఆయన కాదట, మనవాడేనట.